రాత్రి వేళ పిల్లల దిగులు

మన సీమలో ‘దిగులు’ అనే మాటను భయానికీ వాడతారు, బెంగకూ వాడతారు. ‘పిల్లోడు దిగులుపడినాడు సార్’ అని ఒక తల్లి చెప్పినప్పుడు, వాడు దేన్నో చూసి జడుసుకున్నాడని అర్థం కావచ్చు, ఎవరి కోసమో బెంగపెట్టుకున్నాడనీ కావచ్చు. కర్నూలు, కడప జిల్లాలలో వైద్యం చేసిన ఇన్ని సంవత్సరాలలో, ఆ రెండర్థాలూ ఒకే బిడ్డలో, ఒకే రాత్రి కలిసి కనిపించడం నేను చాలాసార్లు చూశాను. మూడు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులు మీరైతే, ఈ వ్యాసం ప్రధానంగా మీ కోసమే. వారిని పెంచుతున్న అవ్వాతాతలైతే మరీ మంచిది. ఎందుకో కింద చెబుతాను.

పగలంతా వీధిలో గెంతులు వేసిన బిడ్డ, దీపం ఆర్పగానే నీళ్లంటాడు. తర్వాత ఒంటికంటాడు. తర్వాత తలుపు గడియ వేశారా అని అడుగుతాడు. అంతా అయ్యాక, ‘అమ్మా, నువ్వు చచ్చిపోతావా?’ అంటాడు. నిద్ర ఎగ్గొట్టడానికి వేసే వేషాలని మీరు విసుక్కుంటారు. వేషాలు కొంత ఉంటాయి, కాదనను. కానీ చివరి ప్రశ్న వేషం కాదు.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. ‘రాత్రిపూట భయపడుతున్నాడు’ అని మనం ఒకే మాటలో చెప్పేస్తాం గానీ, అందులో వేర్వేరు పరిస్థితులు దాగి ఉంటాయి. పడుకున్న గంటా రెండు గంటలకు బిడ్డ ఒక్కసారిగా లేచి కూర్చుని కెవ్వున అరుస్తాడు. కళ్లు తెరిచే ఉంటాయి, కానీ మిమ్మల్ని గుర్తుపట్టడు. ఒళ్లంతా చెమట, గుండె దడదడ. పట్టుకోబోతే తోసేస్తాడు. కొద్ది నిమిషాలకు తనంతట తానే సద్దుమణిగి పడుకుంటాడు, తెల్లారి అడిగితే ఏమీ ఎరగడు. చూసేవారికి ప్రాణం పోయినంత పనవుతుంది. ‘గాలి సోకింది’ అనే మాట ఎక్కువగా ఇలాంటి బిడ్డల విషయంలోనే వింటాం. నిజానికి ఇది గాఢనిద్రలోంచి మెదడు సగమే మేలుకోవడం. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. నిద్ర చాలనప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, మూత్రం నిండి ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. బిడ్డను కుదిపి లేపనక్కరలేదు. దెబ్బ తగలకుండా కాపు కాస్తే చాలు. ఎండాకాలం మిద్దె మీద పడుకునే ఇళ్లవారికి ఒక మాట: ఇటువంటి బిడ్డ ఇంట్లో ఉంటే, పిట్టగోడ లేని మిద్దె మీద పడుకోబెట్టకండి.

పీడకల సంగతి వేరు. అది ఎక్కువగా రాత్రి రెండో సగంలో, తెల్లవారుజాము వేళ వస్తుంది. బిడ్డ పూర్తిగా మేలుకుంటాడు, మిమ్మల్ని గుర్తుపట్టి కరుచుకుపోతాడు, కలలో ఏం జరిగిందో చెప్పగలడు. ‘అది కల నాయనా, నిజం కాదు’ అని మీరంటే ఊరడిల్లడు. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త జాఁ పియాజే 1926లో ప్రచురించిన పుస్తకంలో దీని గురించి వివరంగా రాశాడు. చిన్నపిల్లలు కల బయటి నుంచి వస్తుందనీ, అది తాము పడుకున్న గదిలోనే, కళ్లెదుటే జరుగుతుందనీ అనుకుంటారు. కల తన తలలో పుట్టిందన్న జ్ఞానం బిడ్డకు కొన్నేళ్లు గడిస్తే గానీ రాదు. కాబట్టి నాలుగేళ్ల బిడ్డకు కల నిజం కాదని వాదించి లాభం లేదు. దగ్గరకు తీసుకోవడం, దీపం వేసి గది చూపించడం, తిరిగి పడుకోబెట్టడం, ఇంతే చేయగలిగింది.

ఈ రెండూ పెద్దగా చికిత్స అవసరం లేనివి. వయసుతో పోతాయి. నేను అసలు చెప్పదలచుకున్నది మూడోది, అంటే నిద్ర పట్టక ముందు వచ్చే దిగులు.

అది రాత్రే ఎందుకు వస్తుంది? పగలు ఆట ఉంటుంది, బడి ఉంటుంది, తోడు ఉంటుంది. చీకట్లో చూడటానికి ఏమీ ఉండదు కనుక, మనసు తనకు తోచినదల్లా చూస్తుంది. అదొక కారణం. రెండో కారణం మనం అంతగా ఆలోచించం. నిద్రపోవడమంటే బిడ్డకు ఒక రకమైన ఎడబాటు. కళ్లు మూసుకుంటే అమ్మ కనిపించదు. మళ్లీ తెరిచేసరికి ఉంటుందన్న నమ్మకం ఉంటేనే ధైర్యంగా మూయగలడు. ఎనిమిది తొమ్మిది నెలల పసికందు, తల్లి పక్క గదిలోకి వెళితే గుక్కపట్టి ఏడవడంతో మొదలయ్యే భయమే ఇది. రెండు మూడేళ్లకు ఊహ పెరిగి చీకటికి రూపాలు వస్తాయి. దయ్యం, కుక్క, గోడ మీది నీడ. అయిదారేళ్ల తర్వాత దొంగలు, జబ్బులు, చావు వస్తాయి. అంతకు ముందు బిడ్డ దృష్టిలో చావు అంటే ఊరెళ్లి రావడం వంటిదే. పోయినవారు తిరిగి రారనీ, అందరూ ఎప్పటికైనా పోతారనీ అయిదు నుంచి ఏడేళ్ల మధ్య క్రమంగా తెలిసివస్తుంది. తెలిసిన మరుక్షణం పుట్టే ప్రశ్నే ‘అమ్మా, నువ్వు చచ్చిపోతావా?’ అది పిరికితనం కాదు, తెలివి ఎదిగిందనడానికి గుర్తు.

ఈ భయాలలో కొన్నింటిని మనమే తయారుచేసి ఇస్తాం. అన్నం తినకపోతే బూచోడొస్తాడు, పడుకోకపోతే పోలీసోడొస్తాడు, ఏడిస్తే సూదేసే డాక్టరొస్తాడు. (ఆ డాక్టరును నేనే కాబట్టి, గది గుమ్మం దగ్గరే బిడ్డలు బిగుసుకుపోవడం నాకు అలవాటైంది.) 1990లలో ఊరూరా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పెద్దలకు అదొక పుకారు. నాలుగు రోజులు చెప్పుకుని మరిచిపోయారు. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లలు మాత్రం ప్రతి సాయంత్రం తలుపు మీది ఆ రాత చదువుకుంటూ ఇంట్లోకి వచ్చేవారు. ఈ రోజున ఆ పని సెల్‌ఫోను చేస్తోంది. అయిదేళ్ల బిడ్డ చేతికి ఫోనిచ్చి అన్నం పెడుతున్నప్పుడు, ఒక బొమ్మల కథ అయ్యాక దాని వెనకాలే ఏ వీడియో వస్తోందో ఒక్కసారి కనిపెట్టి చూడండి.

ఇంకొన్ని భయాలు వారు మన మాటలలోంచి ఏరుకుంటారు. మన ఇళ్లలో బిడ్డలకు వేరే గది ఉండదు. ఒకే చాప మీద అందరం వరుసగా పడుకుంటాం. అది మంచిదే. పాశ్చాత్య పుస్తకాలు చెప్పినట్టు మూడేళ్లవాడిని వేరే గదికి పంపాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు. కానీ బిడ్డ నిద్రపోయాడనుకుని, వాడి తల మీదుగా మనం మాట్లాడుకునే మాటలుంటాయి. బోరు ఎండిపోయింది, వడ్డీ కట్టకపోతే ఊరుకోరట, చెనక్కాయ చేతికి రాలేదు, ఇక ఉరేసుకోవడమే. ఆ చివరి మాట మనకు ఊతపదం. కళ్లు మూసుకుని వింటున్నవాడికి కాదు. కడుపునొప్పి అని తీసుకొచ్చిన ఒక ఏడేళ్ల బాలుడిని అన్ని విధాలా పరీక్షించి, ఏమీ కనిపించక, తల్లిని బయట కూర్చోమని చెప్పి వాడితో కాసేపు ఆటలాడాను. ‘రాత్రి ఎందుకు మేలుకుంటావురా?’ అంటే, ‘మా నాయనకు కాపలా సార్’ అన్నాడు. తండ్రి చేను తాలూకు అప్పు గురించి అన్న ఏదో మాట వాడి చెవిన పడింది. ఆ తండ్రి నిక్షేపంగా ఉన్నాడు. బిడ్డ మాత్రం మూడు వారాలుగా సగం నిద్రతో బడికి వెళుతున్నాడు.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి. కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పల్లెలలో ‘సుగ్గి’ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. వానలు మొహం చాటేసిన ఏట, పత్తి తీతకో మిరప కోతకో కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు తరలిపోతాయి. బడి పాడవకూడదని పిల్లలను అవ్వల దగ్గర వదిలి వెళతారు. లేదా ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టళ్లలో చేరుస్తారు. కడప వైపు అయితే కువైట్. రాజంపేట, రాయచోటి పరిసరాలలో, తల్లి అరబ్బు ఇంటి పనిలో ఉండగా జేజి పెంచుతున్న బిడ్డలు ఎంతమందో.

ఈ ప్రయాణాలలో ఒక ఆనవాయితీ ఉంది. చూస్తే ఏడుస్తాడని, బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు బయలుదేరతారు. లారీ తెల్లవారుజామున వస్తుంది, విమానాశ్రయానికి కారు అర్ధరాత్రి వస్తుంది. తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దాటుతుంది. ఆమె కష్టం నాకు తెలుసు, ఆమెను తప్పుపట్టడం లేదు. కానీ బిడ్డ వైపు నుంచి చూడండి. రాత్రి అమ్మ పక్కన పడుకున్నాడు, తెల్లారి లేచేసరికి అమ్మ లేదు. దాన్నుంచి వాడు నేర్చుకునే పాఠం ఒక్కటే: నేను నిద్రపోతే మనుషులు మాయమవుతారు. ఇక ఆ తర్వాత జేజి కొంగు పట్టుకుని రాత్రి పన్నెండు దాకా కళ్లు నిలిపే బిడ్డకు దయ్యం పట్టలేదు, మొండితనమూ కాదు. వాడి లెక్క సరిగ్గానే ఉంది.

కాబట్టి ఏడ్చినా సరే, మేలుకుని ఉన్నప్పుడే చెప్పి వెళ్లండి. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడు వస్తారు. ‘రేపొస్తా’ అని అబద్ధం చెప్పకండి. ఉగాదికి వస్తారంటే ఉగాది అనే చెప్పండి. క్యాలెండరులో గుర్తు పెట్టి, రోజుకొక గీత గీయమనండి. ఆ పూట ఏడుపు ఆ పూటతో పోతుంది. చెప్పకుండా వెళ్లిన తర్వాత వచ్చే దిగులు నెలల తరబడి ఉంటుంది.

కొందరు పిల్లల భయానికి మన కళ్లెదుట జరిగిన కారణమే ఉంటుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచెత్తాయి. ఇళ్లలోకి నీరు చేరుతుంటే మిద్దెలెక్కిన కుటుంబాలకు ఆ రాత్రి గడిచిందంటే గడిచింది. నీరు తీసి, బురద ఎత్తిపోసి, ఊరు మళ్లీ మామూలైంది. కొన్ని వారాల తర్వాత తల్లులు ఒక్కొక్కరే వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. చినుకు పడితే బిడ్డ పడుకోవడం లేదు, పక్క తడపడం మానినవాడు మళ్లీ తడుపుతున్నాడు, పుస్తకాల సంచి తల కింద పెట్టుకుని పడుకుంటున్నాడు. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట మండలంలోని పులపుత్తూరు, మందపల్లి వంటి ఊళ్లను నీరు ముంచేసింది కూడా తెల్లవారుజామునే. అటువంటి చోట బతికి బయటపడిన బిడ్డకు ‘ఏమీ కాదులే, పడుకో’ అని చెప్పడానికి ఏ పెద్దకైనా నోరెలా వస్తుంది? ఏదో అయింది. వాడు చూశాడు. ‘అవును, ఆ రోజు చాలా భయమేసింది. నాకూ వేసింది. మళ్లీ నీళ్లొస్తే నిన్నెత్తుకుని ఎటు వెళ్లాలో నాకు తెలుసు’ అనండి. పగటి వేళ ఆ దారి చూపించండి. నిజంగా తెలుసుకుని చూపించండి. బిడ్డలు బొంకును ఇట్టే పసిగడతారు.

‘పగటి వేళ’ అన్నానే, అది గమనించండి. రాత్రి భయం గురించి రాత్రి మాట్లాడితే అది పెరుగుతుంది. అప్పుడు మీరూ అలసి ఉంటారు. సాయంత్రం జొన్నరొట్టె చేస్తూనో, పశువులకు మేత వేస్తూనో, స్కూటరు మీద బడి నుంచి తీసుకొస్తూనో, పక్కపక్కన ఉండి ముఖం చూడనక్కర లేని వేళల్లో పిల్లలు బాగా చెబుతారు. ‘రాత్రి దేనికి దిగులేసింది?’ అని ఒకసారి అడిగి ఊరుకోండి. మొదటి రోజు చెప్పకపోవచ్చు. చెప్పినప్పుడు నవ్వకండి. అన్నదమ్ముల ముందు ‘వీడు పిరికోడు’ అని ఎగతాళి చేయకండి, పెళ్లిలో బంధువులందరికీ కథగా చెప్పకండి. ఆ తర్వాత వాడు భయపడటం మానడు, మీకు చెప్పడం మానేస్తాడు.

రాత్రికి చేయవలసింది చాలా తక్కువ. రోజూ ఒకే వేళ, ఒకే వరుస: కాళ్లు కడుక్కోవడం, ఒంటికి వెళ్లడం, ఒక కథ, దీపం. పడకకు గంట ముందు టీవీ, ఫోను కట్టేయాలి. జీరో బల్బు వేసుకుంటే నష్టమేమీ లేదు. వాడు అడిగిన దానికి చిన్న జవాబు చెప్పండి, నిజం చెప్పండి. చావు గురించి అడిగితే, ‘అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోతారు. నేను చాలా కాలం నీతో ఉంటాననే అనుకుంటున్నాను. ఇప్పుడు ఇక్కడే ఉన్నాను’ అంటే చాలు. అయిదుసార్లు అడిగితే అయిదుసార్లూ అదే మాట, అదే గొంతుతో. చీపురు తీసుకుని మంచం కింద దయ్యాన్ని తరిమే నాటకం కొందరు తండ్రులు ఆడతారు. ఒక రాత్రికి పనిచేస్తుంది గానీ, తరిమారంటే అది ఉన్నట్టే కదా అని బిడ్డ అనుకుంటాడు. నేనైతే వద్దంటాను. ఒంటరిగా పడుకోవడం అలవాటు చేయాలనుకుంటే మెల్లగా చేయండి. కొన్ని రోజులు చేయి పట్టుకుని, కొన్ని రోజులు పక్కన కూర్చుని, తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని. అమెరికాకు చెందిన నిద్రా వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సూచన ప్రకారం మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరేళ్లు దాటినవారికి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. మన ఇళ్లలో రాత్రి పదకొండుకు సీరియలు అయ్యాక పడుకుని, ఉదయం ఆరింటికి బడి బస్సు కోసం లేచే బిడ్డకు అది ఎక్కడ దొరుకుతుంది? నిద్ర తగ్గిన బిడ్డకు భయం ఎక్కువ.

దిష్టి తీయడం, విభూతి పెట్టడం, కడప పెద్దదర్గాకు తీసుకెళ్లి అంత్రం కట్టించడం గురించి చాలామంది నన్ను సంకోచిస్తూ అడుగుతారు, కోప్పడతాననుకుని. నాకేమీ అభ్యంతరం లేదు. ఉప్పు మిరపకాయలు తిప్పే ఆ రెండు నిమిషాలూ జేజి దృష్టంతా బిడ్డ మీదే ఉంటుంది, అది వాడికి తెలుస్తుంది. నా అభ్యంతరం వాతలు పెట్టేవారి మీద, పొగ వేసేవారి మీద, దయ్యం వదిలిస్తామని కొట్టేవారి మీద. అలాగే నిద్ర పడుతుందని దగ్గు మందు తాగించే తల్లిదండ్రుల మీద. అది దయచేసి చేయకండి.

వైద్యుడికి చూపించవలసిన సందర్భాలూ ఉన్నాయి. ఒకే రాత్రి పలుమార్లు, ప్రతిసారీ అచ్చం ఒకేలా కొన్ని క్షణాల పాటు బిగుసుకోవడం, చేయి కొట్టుకోవడం, మూతి వంకరపోవడం ఉంటే అది మూర్ఛ కావచ్చు. ఫోనులో వీడియో తీసి చూపండి, సగం రోగ నిర్ధారణ దానితోనే అవుతుంది. గట్టిగా గురక పెడుతూ ఊపిరి ఆగి ఆగి తీసుకునే బిడ్డను చెవి ముక్కు గొంతు వైద్యుడు చూడాలి. రాత్రి పిర్రల దగ్గర గోక్కుంటూ ఏడుస్తుంటే నులిపురుగులు, దానికి చవకైన మాత్ర ఉంది. భయం నెల దాటినా తగ్గక, పగటికి కూడా పాకి, బడి, ఆట, తిండి దెబ్బతింటే మానసిక వైద్య సలహా తీసుకోండి. టెలీ మానస్ సంఖ్య 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. అంతవరకూ బాగున్న బిడ్డ ఫలానా మనిషి ఉన్నాడంటే పడుకోనంటే, ఆ మనిషి ఎంత దగ్గరవాడైనా సరే, బిడ్డ మాట నమ్మండి, ఆ మనిషికి దూరంగా ఉంచండి. సహాయానికి 1098 ఉంది.

రాయచోటి దగ్గర పల్లె నుంచి ఒక జేజి, కువైట్‌లో తల్లి ఉన్న ఆరేళ్ల మనవరాలిని తీసుకొచ్చింది. పడుకోదు, పడుకున్నా ఉలిక్కిపడుతుంది. నేను మందేమీ రాయలేదు. రెండో గోడ గడియారం ఒకటి కొని, మన గడియారం పక్కనే కువైట్ వేళకు పెట్టి వేలాడదీయమన్నాను. అది మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. ఆ వేళకు అమ్మ ఏం చేస్తుంటుందో ఫోనులో అమ్మనే అడిగి జేజి ప్రతి రాత్రి చెప్పాలి. ఆరు వారాల తర్వాత వచ్చినప్పుడు ఆ పిల్ల నా బల్ల మీది గడియారం వంక చూసి, ‘ఇప్పుడు మాయమ్మ అంట్లు తోముతాంటాది’ అంది. నిద్ర ఎలా ఉందని జేజిని అడిగాను. ‘పది కాకముందే పండుకుంటాంది సార్. నాకే పట్టడం లేదు’ అంది. ఆమెకు రక్తపోటు చూసి, ఆమె కూతురు ఎప్పుడు వస్తుందో అడుగుతూ కాసేపు కూర్చోబెట్టాను.